ఆకు రాలు కాలమున గాథిక్ నవల

ఆంగ్లదేశమునను, అమెరికాలోను అక్టోబరు మాసము ప్రవేశించుటతోనే పుస్తకముల అంగళ్లలో ఒక మార్పు కనిపించును. ఏడాది పొడుగున లోపలి అలమరలలో నుండిన ‘డ్రాకులా’, ‘ఫ్రాంకెన్‌స్టైన్’, ఎడ్గార్ ఎలన్ పో కథాసంపుటములు వీధిగుమ్మమున కెదురుగానున్న బల్లమీదికి వచ్చును. వాని చుట్టును ఎండుటాకులు, గుమ్మడికాయలు, కాగితపు గబ్బిలములు అలంకారముగా అమర్తురు. ఆ నెల 31వ తేదీ రాత్రి హాలోవీన్ గడచిన పిదప అవి మరల లోపలికి పోవును; వాని స్థానమున క్రిస్మస్ కానుకల పుస్తకములు చేరును. ఈ నెల దినములలో గాథిక్ నవలను ఒకదానినైన చదువుట అచ్చటి పాఠకులలో అనేకులకు ఆచారమైనది. తెలుగునాటినుండి వెళ్లి ఆ దేశములలో స్థిరపడిన కుటుంబముల పిల్లలకును ఇది పరిచితమైన ఆచారమే.

ఋతువునుబట్టి గ్రంథమును ఎన్నుకొనుట తెలుగువారికి వింత కాదు. కార్తికమున కార్తిక పురాణము, ధనుర్మాసమున తిరుప్పావై వినుట అలవాటైన జాతి యిది. కాని పురాణమును మాసధర్మముగా విని లేచిపోవు వానికి కథ చెవిని బడి మనస్సున బడకపోవు ప్రమాదమొకటి ఉన్నది. అక్టోబరు పఠనమునందును అట్టి ప్రమాదమే కలదు. గబ్బిలములు మిగిలి గ్రంథము జారిపోవును. గాథిక్ నవలల విషయమున జారిపోవునది స్వల్పమైనది కాదు.

ముందుగా ఋతువు మాట. నిఘంటువులలో ‘ఆటమ్’ అను పదమునకు శరదృతువని అర్థము వ్రాయుట పరిపాటి. పంచాంగము ప్రకారము అది కొంతవరకు సరియే. కాని శరత్తు అనగానే తెలుగు చదువరికి తోచునది వేరు. వానలు వెలిసి తేరుకొన్న ఆకాశము, నిండు వెన్నెల, ఏటి ఒడ్డున తెల్లనై విచ్చిన రెల్లుపూలు. నన్నయభట్టారకుడు భారతమున కడపట రచించినదని ప్రసిద్ధి గన్న పద్యము శరద్రాత్రులను వర్ణించునదే. ఆకులు రాలి చెట్లు మోడువారుట తెలుగునాట శిశిరమునకు, అనగా మాఘ ఫాల్గుణములకు చెందిన దృశ్యము. పో రచించిన ‘ది ఫాల్ ఆఫ్ ది హౌస్ ఆఫ్ అషర్’ కథ మబ్బులు క్రుంగి వ్రాలిన యొక శరద్దినమున ఆరంభమగును. అనువాదకుడు ఆ శబ్దమును అట్లే తెచ్చి పెట్టినచో, రచయిత పరచిన చీకటిపై తెలుగువాని మనస్సు తనంత తానుగా వెన్నెల పోయును. అందువలన ఆకు రాలు కాలమని చెప్పుటయే మేలు.

వెలుతురు సంగతి ఇంకొకటి. అక్టోబరు కడపటి దినములలో హైదరాబాదున సూర్యుడు ఇంచుమించు ఐదుముప్పావునకు అస్తమించును. జూను మాసముతో పోల్చినచో తేడా ఒక గంటకు కొంచెము మించును. లండనునందో, జూనులో రాత్రి తొమ్మిది దాటినను వెలుగుండును. అక్టోబరు చివరి ఆదివారమున గడియారములను ఒక గంట వెనుకకు త్రిప్పిన తరువాత సాయంకాలము నాలుగున్నరకే దీపము వెలిగింపవలెను. నెల రోజులలో పగలు కన్నులయెదుట కరిగిపోవుట ఉత్తర దేశవాసులకు ఏటేట కలుగు అనుభవము. ఐర్లండులోని ప్రాచీన కెల్టు జాతివారికి అక్టోబరు ముగిసి నవంబరు ప్రవేశించు రాత్రి ‘సావిన్’ అను పండుగ. మృతులకును జీవించియున్నవారికిని నడుమ తెర పలుచనగునని వారి నమ్మకము. క్రైస్తవులు నవంబరు 1వ తేదీని సర్వపరిశుద్ధుల దినముగను, 2వ తేదీని సర్వాత్మల దినముగను పాటింతురు. భాద్రపద బహుళమున మహాలయ పక్షము జరిపి, కార్తికమున పితృదేవతలకు త్రోవ చూపుటకై ఆకాశదీపమెత్తు వారికి దీనిని వివరించి చెప్పనక్కరలేదు.

ఇంతమాత్రమున గాథిక్ నవల శరత్తునకే పుట్టినదని తలచుట పొరపాటు. ఈ శాఖకు మొదటిదైన హొరేస్ వాల్‌పోల్ రచన ‘ది క్యాసిల్ ఆఫ్ ఒట్రాంటో’ 1764 డిసెంబరు 24న, నిండు చలికాలమున వెలువడినది. ఆంగ్లదేశమున దయ్యపు కథకు పూర్వమునుండి నియతమైన కాలము హేమంతమే. షేక్స్‌పియరు ‘వింటర్స్ టేల్’ నాటకమున చిన్న రాకుమారుడు తల్లికి శీతకాలమునకు తగిన కథయని చెప్పబూనినది భూతముల కథనే. డికెన్స్ 1843లో ప్రకటించిన ‘ఎ క్రిస్మస్ కేరల్’ ఆ సంప్రదాయములోనిదే. కేంబ్రిడ్జిలో ప్రాచీన లిఖితములను శోధించిన పండితుడు ఎం. ఆర్. జేమ్స్ తన దయ్యపు కథలను క్రిస్మస్ దినములలో మిత్రులకు కొవ్వొత్తి వెలుగున చదివి వినిపించి, 1904లో తొలి సంపుటముగా అచ్చువేయించెను. ఇక ఏన్ రాడ్‌క్లిఫ్ వ్రాసిన ‘ది మిస్టరీస్ ఆఫ్ యుడోల్ఫో’ 1794 మే మాసమునను, బ్రాం స్టోకరు ‘డ్రాకులా’ 1897 మే మాసమునను వెలువడినవి. ‘ఫ్రాంకెన్‌స్టైన్’ 1818 జనవరి 1న ప్రకటితమైనది. దాని పుట్టుక చెడిపోయిన యొక వేసవిలో జరిగినది. 1815 ఏప్రిల్‌లో తూర్పు ఇండియా దీవులలోని తంబోరా పర్వతము బ్రద్దలై, ఆ ధూళి మేఘము భూమిని క్రమ్ముకొనగా, మరుసటి సంవత్సరము యూరపుఖండమున వేసవియే లేకపోయెను. జెనీవా సరస్సు తీరమున డియోడాటి భవనములో వానకు చిక్కుపడిన బైరన్, షెల్లీ, మేరీ, వైద్యుడు పోలిడోరి తలకొక భయానక కథ వ్రాయవలెనని పందెము వేసికొనిరి. పందొమ్మిదేండ్లయిన నిండని మేరీయే నిలువదగిన గ్రంథమును వ్రాసినది.

శరత్కాలపు హక్కు అమెరికాది. వాషింగ్టన్ ఇర్వింగ్ 1820లో ప్రకటించిన ‘ది లెజెండ్ ఆఫ్ స్లీపీ హాలో’ శరత్తున నడచు కథ. పో కథ 1839 సెప్టెంబరున వెలువడినది. ఐర్లండునుండి, స్కాట్లండునుండి వలస వచ్చినవారు హాలోవీన్‌ను ఆ దేశమునకు తెచ్చిరి. ఇవన్నియు కలిసి, తరువాత చలనచిత్ర పరిశ్రమయు వర్తకులును చేయి కలుపగా, క్రిస్మస్ రాత్రుల దయ్యము రెండు నెలలు ముందుకు జరిగి అక్టోబరులో కాపురము పెట్టినది. ఇర్వింగ్ కథ చదివినవారు ఒక విశేషము గమనింతురు. అందులోని బడిపంతులు ఇకబోడ్ క్రేన్ తలలేని రౌతును చూచుటకు ముందు, పండిన పొలములను, ఆపిలు పండ్లను, గుమ్మడికాయలను చూచి లొట్టలు వేసికొనుచు పోవును. ఆ పంటలకు వారసురాలు కాబోవు పడుచును పెండ్లాడవలెనని అతని ఆశ. దయ్యము తరిమినది ఆ ఆశను.

గాథిక్ నవలలోని భయమునకు మూలము ఎక్కడ ఉన్నదో ఇక్కడనే జాడ తెలియుచున్నది. అది శ్మశానములో లేదు, దస్తావేజుల పెట్టెలో ఉన్నది. ‘ఒట్రాంటో’ కథ యేమి? ఆకాశమునుండి మహాకాయమైన శిరస్త్రాణమొకటి ఊడిపడి పెండ్లికుమారుని నుగ్గుచేయుటతో ఆరంభమగును. ఆ ఘట్టము నేడు చదువువారికి నవ్వు తెప్పించును. తెప్పించినను దోషము లేదు. కాని కథ ముడి విడిపోవుసరికి తేలునదేమనగా, ఆ కోట నేలుచున్న మాన్‌ఫ్రెడ్‌కు తాతయైన రికార్డో తన ప్రభువునకు విషము పెట్టి, దొంగ మరణశాసనము సృష్టించి రాజ్యము కాజేసెను. అంతటి శిరస్త్రాణము పడినది ఒక కూటపత్రమును రద్దు చేయుటకు. మరియొక చమత్కారము: వాల్‌పోల్ తొలి ముద్రణమున తన పేరు దాచి, అది యొక ఇటాలియను ప్రాచీన గ్రంథమునకు అనువాదమని బొంకెను. గ్రంథము పేరు పొందిన తరువాత 1765లో రెండవ ముద్రణమున నిజము చెప్పి, ‘గాథిక్ కథ’ యను మాట చేర్చెను. కూటపత్రమును గూర్చిన కథయే కూటముగా లోకమునకు వచ్చినది.

ఏన్ రాడ్‌క్లిఫ్ నవలలో ఈ సంగతి ఇంకను స్ఫుటము. తల్లిదండ్రులు లేని ఎమిలీ మేనత్త పోషణమున నుండును. ఆ మేనత్తను మోంటోని యను ఇటలీవాడు ధనాశతో వివాహమాడి, ఇద్దరిని అపెనైన్ పర్వతములలోని యుడోల్ఫో దుర్గమునకు కొనిపోవును. చీకటి నడవలు, తనంత గడియపడు తలుపులు, రాత్రివేళ వినవచ్చు సంగీతము, ఒక గదిలో నల్లని తెర చాటున నున్న వస్తువు. పాఠకలోకము నూరేండ్లు చెప్పుకొన్నది వీనినే. కాని మోంటోని కోరునది ఎవరి రక్తమునుగాదు, ఒక చేవ్రాలు. ఫ్రాన్సు దేశములోని తన భూములను వానికి వ్రాసియిచ్చుటకు మేనత్త అంగీకరింపదు. ఆమెను బురుజులో బంధించును. ఆమె అక్కడనే రోగముతో చచ్చును, చేవ్రాలు మాత్రము పెట్టదు. భూములు ఎమిలీకి సంక్రమించును. వెంటనే కాగితములు ఎమిలీ ముందుకు వచ్చును. ఎమిలీ ప్రతిఘటించి, కడకు మానభయముచేత చేవ్రాలు పెట్టును. పెట్టినను మోంటోని తక్షణమే విడిచిపుచ్చడు.

నాటి ఆంగ్లదేశపు న్యాయము ప్రకారము వివాహముతో స్త్రీ ఆస్తిపై అధికారము భర్తకు పోయెడిది. ఈ స్థితిని సడలించుటకు 1870లో ఒక చట్టము, సరిచేయుటకు 1882లో మరియొక చట్టము రావలసివచ్చెను. ‘యుడోల్ఫో’కు ప్రకాశకులు రాడ్‌క్లిఫ్‌కు 500 పౌనులు ఇచ్చిరి, మూడేండ్ల తరువాత ‘ది ఇటాలియన్’ నవలకు 800 పౌనులు ముట్టినవి. నవలాకారులకు ఆ కాలమున అవి ఆశ్చర్యకరములైన మొత్తములు. చట్టము దృష్టిలో మాత్రము ఆ ధనమును ఆమె భర్తదే. కోటను ఇటలీలో, కథను పదునారవ శతాబ్దిలో పెట్టినది గనుక అచ్చటి దొరసానులు ధైర్యముగా చదివిరి. తమ ఇంటి కథయని తెలియక చదివిరని చెప్పరాదు. వీలునామాలు, చేవ్రాళ్లు, అన్నదమ్ములు ఆడపడుచుచేత హక్కు వదులుకొన్నట్లు వ్రాయించుకొను పత్రములు తెలుగు కుటుంబములు ఎరుగనివి కావు. 1956 నాటి హిందూ వారసత్వపు చట్టమునకును, కుమార్తెకు సమాన దాయభాగమిచ్చిన ఆంధ్రప్రదేశ్ 1986 సవరణమునకును వెనుక ఎన్ని మౌనములున్నవో తెలిసినవారికి యుడోల్ఫో కోట దూరదేశమున నున్నట్లు తోచదు.

ఈ శాఖను వెక్కిరించుటకు జేన్ ఆస్టిన్ వ్రాసిన ‘నార్తాంగర్ ఏబీ’ సైతము ఇదే సాక్ష్యము పలుకును. ఆ నవల ఆమె మరణానంతరము 1817 డిసెంబరులో వెలువడినది. గాథిక్ నవలలు చదివి తల తిరిగిన కేథరిన్ అను బాలిక, అతిథిగా పోయిన యింటిలో పాత బీరువా తెరచి, దొరకిన కాగితపు చుట్టను ఏదో ప్రాచీన రహస్యమని రాత్రియంతయు వణకి, తెల్లవారి చూచుకొనగా అవి చాకలి పద్దులు. ఇంటి యజమాని జనరల్ టిల్నీ భార్యను చంపెనని ఆమె ఊహించును, అదియు అబద్ధమే. పాఠకుడు నవ్వుకొని నిశ్చింతగానున్న సమయమున, కేథరిన్ తాననుకొన్నంత సంపన్నురాలు కాదని తెలిసికొన్న జనరలు, ఆమెను తోడులేకుండ డెబ్బది మైళ్ల ప్రయాణమునకు తెల్లవారుజామున వెడలగొట్టును. దయ్యము లేదనుట నిజము. దుర్మార్గుడు లేడనుట మాత్రము తప్పని తేలినది.

మరి కొన్ని గ్రంథములలో తాళము వేసిన గది సముద్రములకు ఆవల ఉన్నది. ‘వాథెక్’ కర్త విలియం బెక్‌ఫర్డు ఐశ్వర్యము జమైకా ద్వీపమున బానిసలు పండించిన చెరకునుండి వచ్చినది. ఆ ధనముతో అతడు నిర్మించిన ఫాంట్‌హిల్ సౌధపు మహాగోపురము 1825లో కూలిపోయెను. ఇరువది యేండ్ల ప్రాయమున ‘ది మంక్’ వ్రాసి అపకీర్తియు, కీర్తియు గడించిన మాథ్యూ లూయిస్‌కును జమైకా తోటలు పిత్రార్జితము. 1816 ఆగస్టులో అతడు డియోడాటి భవనమునకు అతిథిగా వచ్చి దయ్యపు కథలు చెప్పెను. అక్కడనే తన తోటల బానిసలను గూర్చి మరణశాసనమునకు ఒక అనుబంధము వ్రాసి, బైరన్, షెల్లీ, పోలిడోరిలచేత సాక్షి సంతకములు చేయించెను. రెండేండ్లలో జమైకానుండి తిరిగివచ్చుచు ఓడమీద జ్వరముతో మరణించెను. ఆ సరస్సు తీరపు భవనమును గూర్చి వ్రాయువారు కథల పందెమును చెప్పుదురుగాని, ఈ పత్రమును చెప్పుట అరుదు. ‘జేన్ ఐర్’ నవలలో మేడపై గదిలో బంధింపబడిన రాచెస్టరు భార్య బెర్తా సైతము జమైకా కట్నముతో వచ్చినదే. ఆమెకు స్వరమీయుటకు 1966లో జీన్ రీస్ వేరొక నవల వ్రాయవలసివచ్చెను.

భయమునందును తారతమ్యము కలదని రాడ్‌క్లిఫ్ గుర్తించినది. ఆమె మరణించిన మూడేండ్లకు, 1826లో ప్రకటితమైన వ్యాసమున, సందిగ్ధమైన భయము ఆత్మను విశాలము చేయుననియు, స్పష్టముగా ఎదుట నిలిచిన ఘోరము దానిని ముడుచుకొనజేయుననియు ఆమె వాదించెను. భరతుని నాట్యశాస్త్రము తెలిసినవారికి భయానక బీభత్సములు స్ఫురించును. రెండును సరిగా ఒకటి కావు. భరతుడు బీభత్సమునకు జుగుప్సను స్థాయిగా చెప్పెను, రాడ్‌క్లిఫ్ తలచినది జుగుప్స మాత్రమే కాదు. అయినను భయానకమునకు విభావములుగా భరతుడు పేర్కొన్న శూన్యగృహములు, అరణ్యములు, గుడ్లగూబల నక్కల కూతలు యుడోల్ఫో పరిసరములలో ఒక్కటియు తప్పక దొరకును. రాడ్‌క్లిఫ్ ఆ శాస్త్రమును ఎరిగియుండు అవకాశము లేదు. మనుష్యుడు పాడుబడిన యింటిముందు నిలిచినపుడు దేశభేదము లేదు కాబోలు.

తెలుగు బాలురు దయ్యముతో తొలి పరిచయము బేతాళ కథలలో చేసికొన్నారు. ‘చందమామ’ 1955నుండి దశాబ్దముల తరబడి ఆ శీర్షికను నడపినది. చెట్టుమీది శవమును చూచి పిల్లవాడు భయపడుట రెండు వాక్యములే. తరువాత బేతాళుడు చెప్పు కథ, కడపట అడుగు ధర్మసందేహము, అదియే మనస్సున నిలుచును. గాథిక్ నవలను చేతబట్టిన తెలుగు పాఠకునకు ఇది మంచి శిక్షణము. కోటలోని శబ్దమును వినుట చాలదు. ఈ యిల్లు ఎవరిది, ఎట్లు వచ్చినది, తాళపుచెవి ఎవరి నడుమున ఉన్నది అని అడుగవలెను.

‘జేన్ ఐర్’ మొదటి పుటలలోనే ఆకు రాలు కాలపు పఠనమున కొక చిత్రమున్నది. నవంబరు దినము; బయట వాన, గాలి. పదేండ్ల జేన్ కిటికీ అరుగుమీద కాళ్లు ముడుచుకొని, ఎఱ్ఱని తెర దించుకొని, పక్షులను గూర్చిన యొక బొమ్మల పుస్తకము చూచుచుండును. నేటి అక్టోబరు పాఠకులు కోరు సుఖమంతయు ఆ అరుగుమీద ఉన్నది. అంతలో ఆ యింటి కుమారుడు జాన్ రీడ్ వచ్చి, పరాయి తిండి తినుచు తమ పుస్తకములు ముట్టుకొను అధికారము నీకెక్కడిదని గద్దించి, ఆ పుస్తకమునే ఆమె తలపైకి విసరును. ఆమె తిరుగబడగా, మేనమామ చనిపోయిన గదిలో బంధింతురు. పుస్తకముయొక్క హాయియు, పుస్తకము కొట్టిన దెబ్బయు రెండును ఆ ఒక్క అధ్యాయమున కలవు.

చదువు వేగమును గూర్చి ఒక మాట. నాటి పాఠకులు ఈ నవలలను చందా గ్రంథాలయములనుండి సంపుటమునకు సంపుటముగా తెచ్చుకొనిరి. లండనులో విలియం లేన్ నడపిన మినర్వా ముద్రణాలయము అట్టి గ్రంథాలయములకే గంపలకొలది నవలలు అచ్చువేసినది. వానిలో ననేకము లుప్తమైపోయినవి. ‘నార్తాంగర్ ఏబీ’లో నొక పాత్ర చెప్పిన ఏడు భయంకర నవలల పేర్లు ఆస్టిన్ కల్పించినవేయని చిరకాలము పలువురు నమ్మిరి, ఏడును నిజమైన గ్రంథములని 20వ శతాబ్దమున పరిశోధకులు నిరూపించిరి. ‘యుడోల్ఫో’ నాలుగు సంపుటములు. మొదటి సంపుటమంతయు పిరనీస్ కొండలు, సూర్యాస్తమయములు, తండ్రి మరణము. రెండవ సంపుటము కొంత నడచినగాని కోట కనిపింపదు. 31 దినములలో ముగింపవలెనని పంతము పట్టినవారు ఆ కొండలను దాటవేయుదురు. ఆ తీరిక గడిచిన తరువాతగదా తలుపు మూతపడిన చప్పుడు వినిపించునది.

నల్లని తెర సంగతియు అట్టిదే. ఎమిలీ ఆ తెరను రెండవ సంపుటమున ఎత్తి చూచి మూర్ఛపోవును. అది యేమో గ్రంథకర్త్రి అచ్చట చెప్పదు. కేథరిన్ తన స్నేహితురాలితో అది నిశ్చయముగా లారెంటీనా అస్థిపంజరమే యని వాదించి, మిగిలిన సంపుటములకై తహతహలాడును. నాలుగవ సంపుటము తుదకు వచ్చినపుడుగాని అది మైనముతో చేసిన శవప్రతిమయనియు, పూర్వమెప్పుడో ఆ యింటివాడు పాపపరిహారార్థము దినమున కొంతసేపు దానిని చూడవలెనని మతాధికారులు విధించిరనియు, దాని నట్లే నిలిపియుంచవలెనని అతడు తన మరణశాసనమున వ్రాసెననియు తెలియదు. లేనిచో ఆస్తిలో కొంత భాగము దేవాలయమునకు చెందునని అందొక నిబంధనము.